లెక్కలో ఒకరు తక్కువ

పుష్య శుద్ధ చవితి. ఈశాన్యపు గాలి. నీరు తేట.

ఈ ఉదయం మనవరాలు మౌక్తికతో కలిపి ఆరుగురు దిగారు. ఆరుగురూ పైకి వచ్చారు. పడవలోకి ఎక్కుతున్న ఒక్కొక్కరి తడి తలమీద చెయ్యి వేసి లెక్కపెట్టాను. సరిపోయింది. మాస్కులు తీయగానే అతిథులు ఐదుగురూ ఒకే మాట అడిగారు.

"ఇంకొకరు ఏరీ?"

వాళ్లు ఒకరినొకరు ఎరగరు. ఇద్దరు పూనావాళ్లు, ఒకామె సింగపూరు నుంచి, ఒక కుర్రవాడు కొచ్చి నుంచి, దంతవైద్యుడు యాదగిరిగారు వరంగల్లు నుంచి. ఇంకెవరూ లేరని చెప్పాను. నలుగురు సర్దుకున్నారు. యాదగిరిగారు మాత్రం పడవ అంచు పట్టుకుని నీళ్లలోకి వంగి చూస్తూనే ఉన్నారు.

"ఒకలు తక్కువున్నరమ్మా. నేను రెండుసార్లు లెక్కవెట్టిన."

"ఎంతమంది దిగారో నేను రాసుకున్నాను. మీరు కూర్చోండి."

"మీరు రాసిందే తప్పయితే?"

నేను ఈ దీవి హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నా లెక్క తప్పని తనిఖీకి వచ్చిన అధికారులు కూడా అనలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది, మింగాను. ఆయన భార్య సుగుణమ్మ నీళ్లంటే భయపడి పడవలోనే కూర్చునే మనిషి. సకినాల డబ్బా తెరిచి ఆయన ఒళ్లో పెట్టింది.

"తినుండ్రి ముందు. ఆకలైతే మీకు ఏ లెక్క రాదు."

పడవ నడిపే ఎల్లాజీ ఇంజను తాడు లాగుతూ, "ఆ ఒక్కడూ నానే అయ్యుంటాను బాబూ. నన్నెవలూ లెక్కల్లో ఎయ్యరు కదా" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. వాళ్లు లెక్కపెట్టిన తీరు చూశాను. ఐదుగురూ బొటనవేలితో వేళ్ల కణుపులు తాకుతూ లెక్కపెట్టారు. అందరూ చిటికెనవేలి మొదటి నుంచి మొదలుపెడతారు. వీళ్లు చూపుడువేలి కొస నుంచి కిందికి వచ్చారు. అలా తలకిందులుగా లెక్కపెట్టే మనిషిని నేను ఒక్కర్తినే ఎరుగుదును. చిన్నప్పుడు ఎన్ని మొట్టికాయలు వేసినా ఆ అలవాటు మానలేదు.

నా కూతురు పైడితల్లి.


పుష్య శుద్ధ షష్ఠి. గాలి తక్కువ.

అతిథులకు విశ్రాంతి. మాకు పగడాలు కడిగే రోజు. నేనూ మౌక్తికా దిగి తూర్పు వరస గీకాం. ఇక్కడ బతికున్న పగడాన్ని చూసినవాళ్లలో నా తరమే ఆఖరు. ఇప్పుడున్నవి పింగాణీవి. వారానికొకసారి నాచు గీకకపోతే రంగు కనపడదు. చేపలను పెంపుడు చెరువుల నుంచి తెచ్చి వదులుతారు. ఈ ఏడు పసుపు చారల చేపలు తక్కువ వచ్చాయి, అడగాలి.

పైకి వచ్చాక మౌక్తిక మళ్లీ అచ్చు మాట ఎత్తింది. మాఘం నుంచి అచ్చు లేని గైడు నీళ్లలో దిగకూడదని ఉత్తర్వు వచ్చింది. అతిథులకు ఈ నిబంధన ఎప్పుడో వచ్చింది. చెవి వెనుక బిళ్ల అంటించుకుని ఒక రాత్రి పడుకుంటే తెల్లవారేసరికి నేర్పు ఒంట్లో దిగి ఉంటుంది. సర్టిఫికెట్ అదే బిళ్లతో వస్తుంది. వంట, కుట్టు, వైద్యం, అన్నీ ఇప్పుడు అంతే. పిల్లలు పాఠాలకు కూడా అచ్చులు వేయించుకోవడం మొదలయ్యాక మా బడికి తాళం పడింది. ఆ ఏడే పైడి నాకు డైవింగ్ నేర్పింది, చేత్తో. నేను తనకు లెక్కలు నేర్పినప్పుడు పెట్టిన చీవాట్లన్నీ నాకు తిరిగి పెట్టింది.

"నాకు పంతొమ్మిదేళ్లు వచ్చాయమ్మమ్మా. గైడు కార్డు పోతే నేనేం చెయ్యాలి? పగడాలు తోముకుంటూ ఉండాలా?"

"ఉత్తర్వు మీద అప్పీలు రాశాను."

"అప్పీలు చదివేవాడు కూడా అచ్చు వేయించుకున్నవాడే." మళ్లీ తనే అంది, "అయినా కార్డు కోసం కాదు. అది అమ్మ అచ్చు కదా. అమ్మ చేతులు పూనావాళ్లకున్నాయి. సింగపూరు ఆవిడకున్నాయి. లోకంలో నాకు తప్ప అందరికీ ఉన్నాయి."

"నీకు నీ చేతులున్నాయి. వాటితో బ్రష్షులు కడిగి ఆరబెట్టు."

అది నిజమే. డైవింగ్ అచ్చు అంటే పైడి అచ్చు. కంపెనీవాళ్లు నాలుగేళ్లు దాని తలకు పట్టీ కట్టి, ప్రతి డైవూ ఎక్కించుకున్నారు. సరిగ్గా తేలడం, సరిగ్గా ఊపిరి పీల్చడం, తోటివాళ్లను కనిపెట్టుకుని ఉండడం, అన్నీ దానివే. ఇప్పుడు ఏ సముద్రంలో ఎవరు దిగినా నా కూతురి ఒంటితోనే దిగుతారు.

ఇక దాని చావు. మా పెద్దలు ఈ దీవికి వలస వచ్చినప్పుడు వలలతోపాటు ఒక కట్టుబాటు తెచ్చుకున్నారు. ఎంతమందితో వెళ్లిన తెప్ప అంతమందితోనే ఒడ్డెక్కాలి. ఒడ్డున ఒక ముసలిది నిలబడి తలలు ముట్టుకుని లెక్కపెడుతుంది. ఆ పని మా అమ్మ చేసింది, ఇప్పుడు నేను చేస్తున్నాను. నాలుగేళ్ల కిందట ఒకరోజు పైడితో కలిపి ఏడుగురు దిగారు. కన్నం దగ్గర చూసుకుంటే ఆరుగురే ఉన్నారు. కన్నం అంటే గట్టు అడుగున, ఇరవై ఎనిమిది మీటర్ల లోతులో ఉన్న సొరంగం. మిగిలినవాళ్లను పైకి పంపి పైడి లోపలికి వెళ్లింది. ఆ ఏడో మనిషి కాలు పట్టేసి ముందే పైకి తేలి, వేరే పడవలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆ పడవవాళ్లు మాకు కబురు చెప్పలేదు.

అక్కడ లేని మనిషిని పైడి వెతికింది. సిలిండర్లో గాలి అయిపోయేదాకా వెతికింది. మూడో రోజు తీశారు.

అంతకుముందు ఎంతమందిని వెతికి తెచ్చిందో. దారితప్పిన అతిథి దొరికితే ముందు నెత్తిమీద ఒక మొట్టికాయ వేసేది, తర్వాత చెయ్యి పట్టుకునేది. నా దగ్గర తిన్నవి అక్కడ చెల్లించేది.


పుష్య శుద్ధ నవమి. నీరు కొంచెం మసక.

రెండో డైవ్. అదే ఐదుగురు, మౌక్తిక. పసుపు విసనకర్ర పగడం దాటగానే ఐదుగురూ ఒక్కసారి ఆగి, ఎడమ భుజం మీదుగా వెనక్కి చూసి, కన్నం వైపు తిరిగారట. మౌక్తిక అడ్డంగా వెళ్లి గాలి గేజి చూపించి తిప్పుకొచ్చింది. పడవలో యాదగిరిగారు ఏడ్చారు. పెద్దమనిషి, మనవలున్నవాడు, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు.

"లోపల ఒకలున్నరు. నాకెరుకే. మీరెందుకు నమ్మరు?"

సుగుణమ్మ కొంగుతో ఆయన ముఖం తుడిచి, "రేపటి సంది వద్దుగాని, ఇంటికి పోదాం" అంది. ఆయన వినలేదు.

మధ్యాహ్నం కంపెనీకి కాల్ చేశాను. ప్రణవ్ అనే అతను మాట్లాడాడు. మర్యాదస్థుడే. వీళ్లందరికీ ఉన్నది అచ్చులో కొత్త కూర్పు అని చెప్పాడు.

"అందులో మా అమ్మాయి ఆఖరి డైవ్ ఉందా?"

"సంఘటన లేదు మేడమ్. అది పూర్తిగా తీసేశాం. ఎవరికీ ఏమీ గుర్తుకు రాదు."

"నేను అడిగింది గుర్తుకొస్తుందా అని కాదు. ఉందా?"

"ఊపిరి మాత్రం వాడుకున్నాం. మీరు సైన్సు టీచరుగారు కదా, మీకర్థమవుతుంది. నాలుగేళ్ల రికార్డులో ఆ రోజు ఆవిడ గాలి వాడకం అన్నిటికంటే పొదుపు. అంత నెమ్మదైన శ్వాస మాకు ఇంకెక్కడా దొరకలేదు."

ఎందుకు దొరుకుతుంది? ఇంకొక్క నిమిషం వెతకడానికి అది గాలి దాచుకుంది. ఆ ఊపిరి తీసుకున్నవాడికి దాని వెంట వెతుకులాట రాకుండా ఎలా ఉంటుంది?

ఆ మాటే అన్నాను. పైవాళ్లకు నివేదిస్తానన్నాడు.


పుష్య శుద్ధ ద్వాదశి.

ఆరుగురు దిగారు. ఐదుగురు పైకి వచ్చారు.

యాదగిరిగారు అందరికంటే వెనక ఉన్నారు. మౌక్తిక తిరిగి చూసేసరికి ఆయన కాళ్ల ఫిన్స్ కన్నంలోకి వెళ్లిపోతున్నాయి. మౌక్తిక కన్నం నోటిదాకా వెళ్లింది. గేజి చూసుకుంది. మిగిలిన నలుగురూ దాని వెనకే లోపలికి రావడానికి కదులుతున్నారు. పైడి పోయాక నేను మా డైవింగ్ కేంద్రానికి ఒక నియమం పెట్టాను. ముందు గాలి లెక్క, తర్వాత మనుషుల లెక్క. మౌక్తిక ఆ నియమం పాటించింది. నలుగురినీ ఈడ్చుకుని పైకి తెచ్చింది. పడవ చేరేసరికి దాని సిలిండర్లో మళ్లీ దిగడానికి సరిపడా లేదు. కొత్త సిలిండర్ బిగించుకోబోతే నేను పట్టీ పట్టుకున్నాను. అప్పటికే ఆయన గాలి అయిపోయి ఉంటుంది. ఆ లెక్క నేను వేశాను. ఎల్లాజీ కూడా వేసుకున్నాడు, టోపీ తీసేశాడు.

సుగుణమ్మ అరవలేదు. మౌక్తిక ఎదుట మోకాళ్ల మీద కూర్చుంది.

"బిడ్డా, ఆయన లోపట్నే ఉన్నడు గదా. మరి నువ్వెట్ల పైకొస్తివి?"

మౌక్తిక నా వైపు చూసింది. నేను జవాబు చెప్పాను. ఆమె నా మాట వినలేదు. మౌక్తికనే చూస్తూ ఉంది.


పుష్య పౌర్ణమి. పోటు ఎక్కువ. సముద్రం మూసివేత.

నౌకాదళం యంత్రం నిన్న యాదగిరిగారిని తీసింది. సొరంగం చివర, రెండు చేతులూ చాచి ఉన్నారట, చీకట్లో తడుముకుంటున్నవాడిలా. విచారణలో అతిథి పొరపాటని రాశారు. నా వాంగ్మూలం చివర చేర్చారు. సుగుణమ్మను ఆమె తమ్ముడు వచ్చి తీసుకెళ్లాడు. సకినాల డబ్బా పడవలోనే ఉండిపోయింది. చిరునామా కనుక్కుని పంపాను.

రేవులో ఆడవాళ్లు మౌక్తిక వస్తుంటే కుండలు తీసుకుని లేచిపోయారు. ఒకామె వినపడేలాగే అంది: "తల్లి ఒక్కడి కోసం ప్రేణం ఇచ్చింది. కూతురు తక్కువ లెక్కతో ఒడ్డెక్కింది." ఎల్లాజీ ఆమెను తిట్టాడు. తిట్టాడు గాని, ఆ మాట తప్పని అనలేదు.

"నీ సంగతేమిటి?" అని అడిగాను.

"నానేటంతాను టీచరమ్మా. గుంట బతికొచ్చింది, అది సాలు. కానీ మనోళ్ల కట్టు అలాటిది. మా తాత ఒక్కడి కోసం మూడు దినాలు సంద్రం మీద ఉండిపోనాడు."

"మీ తాత నీటిమీద ఉన్నాడు. అక్కడ గాలి ఊరికే దొరుకుతుంది."

అతను తల ఊపాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు. మౌక్తిక పక్కనే కూర్చుని తాడు చుట్టుకుంటూ ఉంది.


పుష్య బహుళ తదియ.

మౌక్తిక మొన్న గాస్కెట్లు కొనాలని పెద్ద దీవికి వెళ్లి ఈ ఉదయం లాంచీలో వచ్చింది. గాస్కెట్లు తెచ్చింది, కొలత సరైనవే. బియ్యం కడిగింది. కంప్రెసర్ నూనె మార్చింది. మళ్లీ మునుపటిలా హుషారుగా ఉందని సంతోషించాను.

మధ్యాహ్నం భోజనానికి కంచాలు పెట్టింది. మూడు పెట్టింది.

మేమిద్దరమే. పైడి పోయిననాటి నుంచి ఇద్దరమే. మూడో కంచం చూసి అది కూడా ఆగిపోయింది. గుమ్మంవైపు చూసింది. ఎడమ భుజం మీదుగా.

"ఎప్పుడు వేయించుకున్నావు?" అన్నాను.

అది ఏడవలేదు. చెవి వెనుక జుట్టు పక్కకు తీసి చూపించింది. బిళ్ల అంటించిన చోట చర్మం గుండ్రంగా ఎర్రబడి ఉంది.


పుష్య బహుళ పంచమి. గాలి పడమర.

ప్రణవ్‌కు కాల్ చేశాను. అచ్చు తీయడం కుదరదన్నాడు. నీళ్లలో కలిపిన ఉప్పు లాంటిదన్నాడు. తర్వాత మౌక్తిక ఎవరో తెలిసి అతని గొంతు మారింది.

"కూతురా? రక్తసంబంధం ఉన్నవాళ్లకు వేయకూడదని సూచనల్లోనే ఉంది మేడమ్. మిగతావాళ్లకు నీళ్లలోనే వస్తుంది. అదే నిర్మాణం ఉన్న ఒంట్లో అయితే గట్టిగా పట్టుకుంటుంది. ఒడ్డు మీద కూడా రావచ్చు."

"వస్తోంది. కంచాలు లెక్క తప్పుతోంది."

"తండ్రి ఇంటిపేరు రాసి ఉంటుంది. మాకు తెలిసే వీలు లేదు. చాలా విచారిస్తున్నాను."

సాయంత్రం మౌక్తికను ఎదురుగా కూర్చోబెట్టాను. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లను కూర్చోబెట్టినట్టే కూర్చోబెట్టాను. నాకు ఇంకో విధం చేతకాదు.

"ఎలా ఉంటుందో చెప్పు. దాచకుండా చెప్పు."

"స్టవ్ ఆర్పామా లేదా అని ఉంటుంది చూడు, అలా. అస్తమానం. ఎవరో ఒకరు ఇంకా రాలేదు. నేను ముందే వచ్చేశాను." వేళ్ల కణుపులు తాకుతూ ఉంది, చూపుడువేలి కొస నుంచి. "అది అబద్ధమని తెలుసమ్మమ్మా. ఆ మనిషి టీ తాగాడని తెలుసు. తెలిస్తే తగ్గడం లేదు."

"కన్నంలో ఎవరూ లేరు."

"యాదగిరిగారు ఉన్నప్పుడు కూడా నేను పైకి వచ్చేశాను కదా."

"నేను నేర్పినట్టు వచ్చావు. తప్పు లేదు."

"తప్పు లేకపోతే రేవులో అందరూ ఎందుకు లేచిపోయారు? అమ్మ అయితే వదిలి వచ్చేది కాదు. అందుకే వేయించుకున్నాను. అమ్మకు వచ్చినది నాకు కూడా రావాలని." కొంచెం నవ్వింది. "వచ్చింది."

అష్టమినాడు కొత్త జట్టు వస్తోంది. మౌక్తికను దిగనివ్వనన్నాను. నువ్వు తాళం వేసే సిలిండర్ల గది తాళంచెవులు నా దగ్గర కూడా ఉన్నాయి అంది. బెదిరించినట్టు కాదు, జాలిగా అంది. నేను గది తాళం మార్చగలను. సముద్రానికి తాళం లేదు. సిలిండర్ లేకుండా దిగితే ఇంకా త్వరగా అయిపోతుంది.

తరగతిలో పిల్లలకు చెప్పేదాన్ని. తూకం ఒకవైపు తేలిపోతే త్రాసును తిట్టకండి. తేలిన వైపు ఏదైనా వేయండి.


పుష్య బహుళ అష్టమి. పోటుపాట్లు మందం. నీరు తేట.

అష్టమినాడు పని మొదలుపెట్టకూడదని దీవిలో అందరూ అంటారు. కన్నం దగ్గర నీరు లాగకుండా నిలకడగా ఉండేది సప్తమి, అష్టమి రోజుల్లోనే. నాకు ఈ రోజే కావాలి.

ఎల్లాజీకి మాత్రం చెప్పాను. అతను చేతులు జోడించాడు. "ఈ ఒయసులో అంత లోతు ఏటమ్మా. ఏదైనా అయితే ఆ గుంట మొకం నానెలా సూసీది?" అన్నాడు. అయినా తెల్లవారగానే నన్ను ఒంటరిగా తీసుకెళ్లి లంగరు తాడు దగ్గర దింపాడు. నేను అటువైపు లంగరు గీకడానికి వెళ్లానని, తలల లెక్క తనే చూస్తానని మౌక్తికతో చెప్పమన్నాను. నాకు అచ్చు లేదు కాబట్టి గైడుగా దిగకూడదు. నాచు గీకేదానిగా దిగవచ్చు. జట్టు పడవ దూరంగా కనపడేదాకా తాడు పట్టుకుని పైనే ఉండి, బ్రష్ పట్టుకునే దిగాను.

కన్నం నోటి దగ్గర రాతికి నడుముతాడు కట్టుకుని కూర్చున్నాను. అక్కడ ఎరుపు లేదు, పసుపు లేదు, అంతా బూడిదరంగు నీలం. వెనక సొరంగం నల్లగా ఉంది. నా వీపు దానివైపే ఉంది. నా కూతురు ఆఖరి ఊపిరి పీల్చిన చోటు అది. ఇంతకాలం దాని దాపుకు రాలేదు. నా ఊపిరి పొదుపుగా లేదు. గేజి చూసుకుని, చదివిన చదువంతా గుర్తుచేసుకుని, నెమ్మది చేసుకున్నాను.

వాళ్లు వచ్చారు. మౌక్తిక ముందు, ఐదుగురు కొత్తవాళ్లు వెనక. పసుపు విసనకర్ర దగ్గర ఆరుగురూ ఆగారు. ఆరు తలలు ఎడమవైపు తిరిగాయి. మౌక్తిక నుంచి బుడగలు చాలా ఆలస్యంగా వస్తున్నాయి. ఒకటి, చాలాసేపటికి ఇంకొకటి. ఆ ఊపిరి దానిది కాదు.

కన్నంవైపు సూటిగా వచ్చింది. నన్ను చూడలేదు. నా పక్కనుంచి లోపలికి చూస్తోంది. చెయ్యి చాచింది. ఒక క్షణం నేను లెక్క తప్పానేమో అనుకున్నాను. వెతికేవాళ్లకు కావలసింది నేను కాదేమో అనుకున్నాను. అప్పుడు దాని మాస్కు నా వైపు తిరిగింది.

నెత్తిమీద మొట్టికాయ పడింది.

నీళ్లలో దెబ్బ నెమ్మదిగా తగులుతుంది. అయినా తగిలింది. వేలి కణుపుతో, నడినెత్తి మీద, నేను పైడికి ఎక్కడ వేసేదాన్నో సరిగ్గా అక్కడ. ఆ తర్వాత చెయ్యి పట్టుకుంది. మౌక్తికకు నేను ఏనాడూ మొట్టికాయ వేయలేదు. మనవరాలని వేయలేదు, తల్లి పోయాక అసలే వేయలేదు.

వెనక ఐదుగురూ వేళ్ల కణుపులు లెక్కపెట్టుకున్నారు. ఒకాయన చేత్తో గుండె రాసుకున్నాడు. అందరం కలిసి నెమ్మదిగా, ఆగవలసినచోట ఆగి, పైకి వచ్చాం. పడవలో ఇంకొకరు ఏరీ అని ఎవరూ అడగలేదు. ఒకామె ఎందుకో తెలియకుండా నవ్వుతూనే ఉంది. ఎల్లాజీ తలలు ముట్టుకుని లెక్కపెడుతూ నా తలమీద చెయ్యి వేసి ఆగిపోయాడు. మౌక్తిక నా ఒళ్లో తలపెట్టుకుని నిద్రపోయింది. అచ్చు వేయించుకున్నాక అది నిద్రపోవడం నేను చూడలేదు.

దిగినవాళ్లు ఆరుగురు, ఒకర్తి ముందే. ఎక్కినవాళ్లు ఏడుగురు.

ఈ మధ్యాహ్నం కంచాలు రెండే పెట్టింది.


పుష్య బహుళ ద్వాదశి.

నాలుగు రోజులుగా రోజూ దిగుతున్నాను. నీరు లాగడం మొదలైంది, తాడు రెండు పేటలు కట్టుకుంటున్నాను. దిగని పూట మౌక్తిక మళ్లీ కంచాలు మూడు పెడుతోంది. ఒకసారి దొరికితే ఒక రోజుకు సరిపోతుంది, అంతే.

కుడి మోచేతిలో నొప్పి. డాక్టరమ్మ చూసి ఇది నత్రజని నొప్పి, వారం దాకా నీళ్లు ముట్టుకోకండి అంది. ఆమెకు కూడా అచ్చే గాని తెలివైన పిల్ల. రేపు కూడా దిగాలని చెబితే చేతిలో పెన్ను కింద పెట్టి నన్ను చూసింది.

ప్రణవ్ తనే కాల్ చేశాడు. మా దీవినుంచి వెళ్లిన అతిథులు అంతకుముందు ఎన్నడూ లేనంత తృప్తిగా ఉన్నామని రాస్తున్నారట. వేరే సముద్రాల్లో దిగేవాళ్లు కూడా ఇక్కడికే రావాలని అడుగుతున్నారట.

"అక్కడ ఏం చేస్తున్నారు మేడమ్?"

"ముందు కొత్త కూర్పు వెనక్కి తీసుకోండి. తర్వాత చెబుతాను."

"పరిశీలనలో ఉంది. ఈలోపు రోజుకు రెండు జట్లు పంపవచ్చా?"

"ఇంకెక్కడైనా ఎవరైనా పోయారా?"

సూటిగా జవాబు చెప్పలేదు. పోయారన్నమాట. ఎంతమంది అని అడిగాను. తన దగ్గర ఆ లెక్క లేదన్నాడు. అది పెట్టుకోవలసిన లెక్క అని చెప్పి పెట్టేశాను.


పుష్య అమావాస్య. పెద్ద పోటు. గాలి, కెరటాలు. సముద్రం మూసివేత.

ఈ రోజు ఎవరూ దిగకూడదు. కన్నం దగ్గర నీరు మనిషిని తాడుతో సహా లాక్కుపోతుంది. పొద్దున్నుంచి మౌక్తిక రేవు చివర నిలబడి ఉంది. కట్టేసిన పడవలు లెక్కపెట్టింది. తాళ్లు లెక్కపెట్టింది. కంచాలు మూడు పెట్టి, తినకుండా లేచిపోయింది. భోజనాల తర్వాత ఫిన్స్ పట్టుకుని మళ్లీ రేవుకు వచ్చింది. వద్దని తనకే తెలుసు. మాస్కు పెట్టుకుంటున్న చేతులు ఆగడం లేదు.

నేను దానికంటే ముందు పాత రేవుకు వెళ్లాను. నీరు పెరిగి మునిగిపోయిన మెట్లు అక్కడ ఉన్నాయి. గోడ చాటు కాబట్టి కెరటం లేదు. మెడలోతు నీళ్లలో మెట్టుమీద కూర్చుని స్తంభం పట్టుకున్నాను. మోచెయ్యి పట్టు నిలవడం లేదు. ఎల్లాజీ గట్టుమీద గొంతుక్కూర్చున్నాడు.

"ముసిలితనంలో దాగుడుమూతలేటి టీచరమ్మా."

"దానికి చెప్పావా?"

"పాత రేవు కాడ ఎవలో ఉండిపోనారని సెప్పాను. లగెత్తుకొచ్చేస్తంది."

"ఎల్లుండి నుంచి నీకు పాఠాలు."

"నాకా? ఏటి పాఠాలు?"

"డైవింగ్."

"ఓలమ్మో! నాను నీటిమీద తేలీవోణ్ణి. అడుగున నాకేటి పని?"

"నా తర్వాత అక్కడ కూర్చోవడానికి ఒక మనిషి కావాలి."

అతను బీడీ తీసి, వెలిగించకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"అచ్చు ఏయించుకోమంతావేటి?"

"వద్దు. నేనే నేర్పుతాను. చేత్తో. నువ్వు మొద్దువని తెలుసు, మొట్టికాయలు పడతాయి. మొదటి పాఠం: ముందు గాలి లెక్క. రెండోది ఇంకెప్పుడైనా."

"నీ తరవాత నాను. నా తరవాతో?"

మౌక్తికకు ఇంకా పంతొమ్మిదేళ్లే.

మెట్లమీద పరుగు వినపడింది. ఎల్లాజీ లేచి పక్కకు తప్పుకున్నాడు. నీళ్లు కదిలాయి. దాని ఊపిరి వినపడుతోంది, నెమ్మదిగా, పొదుపుగా. నాకు చలి వేస్తోంది, దవడ వణుకుతోంది. స్తంభం చాటునుంచి బయటికి రాలేదు. పిలవలేదు. దొరికినవాళ్లు తమంతట తాము రాకూడదు, వెతికినవాళ్లకు దొరకాలి.

తల కొంచెం వంచి, నడినెత్తి నీటిపైకి ఉంచి, కదలకుండా కూర్చున్నాను.